స్పైరల్ రాడ్‌కు గైడ్లు ఎక్కడ కట్టాలో బరువు వేలాడదీసి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

గాలపు రాడ్లు సొంతంగా కట్టుకునేవాళ్ల కోసం పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. కొన నుంచి ఇన్ని సెంటీమీటర్లకు ఒక గైడు (లైను దూరి పోయే కాళ్లున్న రింగు), మరిన్ని సెంటీమీటర్లకు ఇంకొకటి అని వరసగా ఇస్తారు. గైడ్లు పైనుంచి పక్కగా కిందికి తిరిగే స్పైరల్ రాడ్ అయితే ఆ వరసకు పక్కన 0, 60, 120, 180 అనే డిగ్రీల అంకెలు కూడా చేరతాయి, 0 అంటే రాడ్‌కు పైన, 180 అంటే కింద. దాన్ని మిల్లీమీటరు తేడా రాకుండా పాటించి కట్టినా, చేప పడ్డాక లైను బ్లాంకును, అంటే గైడ్లు కట్టే ఉత్త కర్రను, రాసుకుంటుంది, లేదా రాడ్ చేతిలో పక్కకు తిరుగుతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో కట్టినవాళ్లకు అంతుపట్టదు. ఆ పట్టిక ఇంకో బ్లాంకుకు, ఇంకో రీలుకు, ఇంకో ఎత్తు గైడ్లకు కుదిరినది. రీలు ముఖం (రీలు ముందు భాగం) నుంచి దూరం, బ్లాంకు మందం, గైడు ఎత్తు చెప్పని పట్టికను మొదటి అడుగుగానే తీసుకోవాలి. ఆ తర్వాత ఏం చేయాలన్నది ఆ వ్యాసాల్లో ఉండదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు స్పైరల్ ఎందుకో చూద్దాం. కాస్టింగ్ రీలు రాడ్‌కు పైన కూర్చుంటుంది, అందుకే మామూలు కాస్టింగ్ రాడ్‌లో గైడ్లన్నీ పైనే ఉంటాయి. రాడ్ వంగినప్పుడు బిగిసిన లైను తిన్నగా సాగాలని చూస్తుంది, అందుకని ప్రతి గైడునూ కిందికి, అంటే బ్లాంకు వైపుకు నొక్కుతుంది. ఆ ఒత్తిడి పడేది బ్లాంకు మధ్యగీతకు కొంత ఎత్తులో ఉన్న రింగు మీద. కర్రను అరచేతిలో నిలబెట్టినట్టే ఇది. నిటారుగా ఉన్నంతసేపు నిలుస్తుంది, కాస్త వాలితే ఆ వాలే మరింత వాలుకు దారితీస్తుంది. లైనులో 10 కిలోల లాగుడు ఉండి, ఒక గైడు దగ్గర లైను 10 డిగ్రీలు వంపు తిరిగితే ఆ గైడు మీద పడేది సుమారు 1.74 కిలోలు. రింగు మధ్యగీతకు 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండి, రాడ్ 10 డిగ్రీలు పక్కకు వాలిందనుకుంటే ఆ ఒక్క గైడే దాదాపు 3.6 కిలో-మిల్లీమీటర్ల మెలితిప్పు పెడుతుంది. అలాంటివి ఎనిమిది గైడ్లు, వాటికి తోడు అన్నిటికన్నా ఎక్కువ వంపు తిరిగే కొన గైడు. గంటసేపు చేపతో పట్టుపట్టిన మణికట్టుకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

అవే గైడ్లు కింద ఉంటే లైను రింగును బ్లాంకు నుంచి దూరంగా లాగుతుంది. అప్పుడు రింగు గోడకు వేలాడదీసిన పటంలాంటిది. పక్కకు నెట్టినా మళ్లీ తన చోటికే వస్తుంది. స్పైరల్ చేసే పని ఇంతే. రీలు పైనుంచి బయల్దేరిన లైనును రెండు మూడు గైడ్లలో పక్కనుంచి కిందికి దింపి, అక్కణ్నుంచి కొన దాకా కిందనే నడిపించడం.

ఇక్కడ బ్లాంకు వెన్ను గురించి ఒక మాట. బ్లాంకును వంచి దొర్లిస్తే ఒకచోట టక్కున ఆగుతుంది, దాన్నే వెన్ను అంటారు. వెన్నును సరైన వైపు పెడితే రాడ్ తిరగదని చాలామంది గట్టిగా నమ్ముతారు. గైడ్లు పైన ఉన్న రాడ్ వెన్ను ఎటున్నా తిరుగుతుంది, గైడ్లు కింద ఉన్న రాడ్ వెన్ను ఎటున్నా తిరగదు. మెలితిప్పు పుట్టేది లైను రింగును నొక్కే తీరులోంచే. వెన్ను వెతికే సమయాన్ని బ్లాంకు ఎటు తిన్నగా ఉందో చూడడానికి పెడితే మేలు. చాలా బ్లాంకుల్లో సన్నని వంకర ఉంటుంది. దాన్ని పైకో కిందికో పెడితే గైడ్లు వరసలో కనిపిస్తాయి, పక్కకు పెడితే ఎంత జాగ్రత్తగా కట్టినా వంకరగానే కనిపిస్తాయి.

ఇప్పుడు దూరాల సంగతి. కొన నుంచి మొదలుపెట్టి, గైడ్లన్నీ కిందే ఉన్నట్టు, స్పైరల్ లేనే లేదనుకుని పెట్టుకుంటూ రావాలి. 7 అడుగుల రాడ్, అంటే 213 సెం.మీ., రీలు ముఖం కొనకు 180 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. కొన గైడు నుంచి 10, 21, 33.5, 47.5, 63, 80.5, 101, 126 సెం.మీ. దగ్గర ఎనిమిది గైడ్లతో మొదలుపెట్టవచ్చు. గైడ్ల మధ్య ఎడం 10తో మొదలై 11, 12.5, 14 అంటూ పెరుగుతూ చివరికి 25 అవుతుంది. కొన సన్నగా ఉండి ఎక్కువ వంగుతుంది కాబట్టి అక్కడ దగ్గరగా, పిడి వైపు మందంగా ఉండి తక్కువ వంగుతుంది కాబట్టి దూరంగా. ఇవి మొదటి గుర్తులు మాత్రమేనని మళ్లీ చెబుతున్నాను. కొన మాత్రమే వంగే బ్లాంకుకు కొన దగ్గర ఇంకొంచెం చేర్చాలి. పిడి దాకా వంగే మెత్తటి బ్లాంకుకు నడుములో ఎడం తగ్గించాలి.

రీలుకు దగ్గరగా ఉన్న గైడును అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పై లెక్క ప్రకారం అది రీలుకు 54 సెం.మీ. ముందుంది. లెవెల్ వైండ్ (చుట్టేటప్పుడు లైనును అటూ ఇటూ జరిపి సమంగా పరిచే భాగం) మధ్యనుంచి పక్కకు 12 మి.మీ. జరిగినప్పుడు లైను ఆ గైడులోకి 1.3 డిగ్రీల వాలుతో వెళ్తుంది. గైడును 30 సెం.మీ.కు దగ్గర చేస్తే అదే వాలు 2.3 డిగ్రీలవుతుంది. విసిరేటప్పుడు స్పూలు (రీలులో లైను చుట్టి ఉండే చక్రం) అంచుల నుంచి వచ్చే లైను రింగుకు రాసుకునేది దీనివల్లే. మరీ దూరం పెడితే విసిరినప్పుడు లైను వదులై బ్లాంకును కొడుతుంది. ఈ మొదటి గైడు సరిగ్గా పైన, 0 డిగ్రీల దగ్గరే ఉండాలి. దీన్ని కూడా 15, 20 డిగ్రీలు పక్కకు తిప్పితే లైను కిందికి దిగడం సులువవుతుందని కొందరు అలా కడతారు. లెవెల్ వైండ్ ఉన్న రీలుకు అది నడుస్తుంది. లెవెల్ వైండ్ లేని రీలులో మాత్రం లైను స్పూలు మీద ఒక పక్కకే పోగుపడుతుంది, చుట్టినంతసేపూ బొటనవేలితో సర్దుతూ ఉండాల్సివస్తుంది.

తర్వాత దిగుడు. దీన్ని రెండు రకాలుగా కడతారు. మొదటిది మెల్లగా దింపడం: 126 దగ్గర 0 డిగ్రీలు, 101 దగ్గర 60, 80.5 దగ్గర 120, 63 దగ్గర 180, అక్కణ్నుంచి కొన దాకా అన్నీ 180. రెండోది నేరుగా దింపడం: మొదటి గైడు 0, దాని తర్వాత మామూలు గైడు నేరుగా 180, ఆ రెండింటి మధ్య లైను బ్లాంకుకు తగలకుండా ఆపడానికి పక్కన ఒక చిన్న బంపర్ గైడు. రెండూ పనిచేస్తాయి. ఏది ఎంచుకున్నా ఒక నియమం మాత్రం తప్పకూడదు. దిగుడంతా వీలైనంత పిడి వైపే, బ్లాంకు మందంగా ఉండి తక్కువ వంగే చోటే పూర్తవ్వాలి.

కారణం ఇది. పక్కన ఉన్న గైడ్లు, అంటే 60, 120 డిగ్రీలవి, రెండూ మధ్యగీతకు ఒకే పక్కన ఉంటాయి, రెండూ రాడ్‌ను ఒకే వైపుకు తిప్పాలని చూస్తాయి. 12 మి.మీ. ఎత్తు రింగు 60 డిగ్రీల దగ్గర మధ్యగీతకు 10.4 మి.మీ. పక్కకు ఉంటుంది, 120 దగ్గరా అంతే. పిడి వైపు లైను 3 డిగ్రీలే వంపు తిరుగుతుంది కాబట్టి అదే 10 కిలోల లాగుడుకు ఒక్కో గైడు మీద అర కిలో పడుతుంది. దాన్ని కింద వేలాడే గైడ్లు, చెయ్యి కలిసి తేలిగ్గా ఆపుతాయి. దిగుడును నడుము దాటించి 10 డిగ్రీల వంపు ఉన్నచోట పెడితే ఆ బరువు మూడింతలు దాటుతుంది. స్పైరల్ కట్టినా తిరుగుతోందని వచ్చే ఫిర్యాదుల్లో మొదట చూడాల్సింది ఇదే.

లైను బ్లాంకుకు తగలడం రెండో ఫిర్యాదు. దీనికి చిన్న లెక్క ఉంది. రెండు పక్కపక్క గైడ్ల రింగులు మధ్యగీతకు 12 మి.మీ. దూరంలో, బ్లాంకు వ్యాసార్ధం 5 మి.మీ. అనుకుందాం. రెండింటి మధ్య కోణం 60 డిగ్రీలైతే, సగం దారిలో లైను మధ్యగీతకు 10.4 మి.మీ. దూరంగా పోతుంది, బ్లాంకుకు 5.4 మి.మీ. ఖాళీ మిగులుతుంది. కోణం 90 అయితే ఖాళీ 3.5. 120 అయితే 1 మి.మీ. మాత్రమే. 180 అయితే లైను బ్లాంకు లోపలినుంచి పోవాలి, అందుకే నేరు దిగుడుకు బంపర్ లేకుండా కుదరదు. గైడ్లు పొట్టివైతే ఈ ఖాళీలు ఇంకా తగ్గుతాయి. ఎత్తు గైడ్లతో చక్కగా కుదిరిన కోణాలను పొట్టి గైడ్లకు దించితే తగిలేది ఇందుకే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పై గైడులో లైను రింగు మధ్యలోంచి పోదు, బ్లాంకుకు దగ్గరి అంచు మీద కూర్చుంటుంది. కింది గైడులో అయితే బ్లాంకుకు దూరపు అంచు మీద ఉంటుంది. రింగు రంధ్రం 8 మి.మీ. ఉంటే పై గైడు దగ్గర అసలు ఎత్తు 12 కాదు, 8 మాత్రమే. గైడు మీద రాసిన 10, 12 అనే అంకె రింగు బయటి వ్యాసానిది, రంధ్రం అంతకన్నా చిన్నది. అందుకే కాగితం మీద మిగిలిన ఖాళీ బరువు పడ్డాక మాయమవుతుంది. మొదటి గైడుకు కాస్త పొడుగు కాళ్లున్నది, రెండు పాదాలున్నది వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. దిగుడు గైడ్లకూ రెండు పాదాలే మంచిది. మీద పడే పక్క లాగుడును ఒంటి పాదం అంత బాగా ఆపలేదు.

కోణాలు గుర్తు పెట్టేటప్పుడు జరిగే పొరపాటు చెప్పకపోతే ఉత్తరం సగమే అవుతుంది. బ్లాంకు చుట్టూ మాస్కింగ్ టేపు ముక్క చుట్టి, రెండు కొసలు కలిసేచోట కోసి, ఆ పొడవును ఆరు భాగాలు చేస్తే ఒక్కో భాగం 60 డిగ్రీలు. బ్లాంకు 9 మి.మీ. మందం ఉన్నచోట చుట్టుకొలత 28.3, ఆరో వంతు 4.7 మి.మీ. ఇంతవరకు అందరూ చేస్తారు. ఆ తర్వాత అదే టేపును జరుపుకుంటూ పోతారు, అక్కడే పని చెడుతుంది. బ్లాంకు కొన వైపుకు సన్నబడుతూ పోతుంది. 120 డిగ్రీల గైడు కట్టేచోట మందం 7.5 మి.మీ. ఉంటే అక్కడి చుట్టుకొలత 23.6 మాత్రమే. పాత టేపులోని రెండు భాగాలు, అంటే 9.4 మి.మీ., అక్కడ 120 కాదు, 144 డిగ్రీలవుతుంది. ఆ 24 డిగ్రీల తేడాతో ముందు గైడుకు, దీనికి మధ్య కోణం 84కు పెరిగి, పైన చెప్పిన ఖాళీ తగ్గిపోతుంది. ప్రతి గైడుకు దాని చోటే కొత్త టేపు చుట్టి కొలవాలి. మొదట రాడ్ పొడవునా పైగీత ఒకటి, కింది గీత ఒకటి దారం లాగి మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే కొలత ఎక్కణ్నుంచి మొదలో తికమక ఉండదు. మొనదేరిన వస్తువుతో మాత్రం గుర్తు పెట్టకండి. కార్బన్ బ్లాంకు మీద సన్నటి గీత పడినా బరువు పడ్డ రోజున అక్కడే విరగవచ్చు.

ఇక అసలు పరీక్ష. గైడ్లను టేపుతోనో చిన్న రబ్బరు రింగులతోనో తాత్కాలికంగా నిలిపి, రీలు బిగించి, లైనును గైడ్లన్నింటి గుండా పోనిచ్చి, డ్రాగ్ (చేప లాగితే లైను ఎంత బిగువు దగ్గర జారాలో పెట్టే బ్రేకు) పూర్తిగా బిగించాలి. పిడిని నేలకు 45 డిగ్రీల వాలులో పట్టుగా అమర్చి, లైను చివర బరువు వేలాడదీయాలి. బరువు లైనుకే కట్టాలి. కొనకు కడితే గైడ్ల మీద భారం పడదు, చూసేదేమీ ఉండదు. ఎంత బరువు అంటే, లైను తెగే బలంలో మూడో వంతు మించకుండా. 8 కిలోల లైనుకు 2 నుంచి 2.7 కిలోలు చాలు, ఎందుకంటే వాడేటప్పుడు డ్రాగ్‌ను పెట్టేది కూడా ఆ మాత్రమే. పిడిని అంతకన్నా నిటారుగా నిలిపి బరువు వేస్తే భారమంతా కొన మీద పడి బ్లాంకు విరగవచ్చు. కంటికి అద్దాలు పెట్టుకునే ఈ పని చేయండి.

బరువు పడ్డాక పక్కనుంచి చూడాలి. కింది గైడ్ల దగ్గర లైను బ్లాంకు వంపును దాదాపు అనుసరిస్తూ పోవాలి. రెండు గైడ్ల మధ్య లైను తిన్నటి గీతలా సాగి, బ్లాంకు దాని మీద విల్లులా లేచి కనిపిస్తే అక్కడ గైడ్లు దూరమైనట్టు. ఒక గైడు దగ్గర మాత్రమే లైను ఎక్కువ మడత పడి, పక్క గైడ్ల దగ్గర మడత లేకపోతే భారం ఒకచోటే పడుతున్నట్టు. ఒక్కో గైడును సెంటీమీటరు చొప్పున జరిపి మళ్లీ చూడాలి. ఒకటి జరిపితే రెండు పక్కలా ఎడం మారుతుంది కాబట్టి తొందర పనికిరాదు. లైను కిందనే ఉంటుంది కాబట్టి బ్లాంకుకు తగలదు, అందుకని గైడ్లు తగ్గించుకోవచ్చని కొందరంటారు. ఒకటి తగ్గినా ఆ భారం మిగిలినవాటికి పోతుంది. వంపు మృదువుగా ఉన్నంతవరకే తగ్గించాలి.

తర్వాత రాడ్ వెనకనుంచి, పిడి చివర కన్ను పెట్టి దిగుడును చూడాలి. లైను మొదటి గైడు నుంచి కిందికి ఒకే వాలుగా దిగాలి. మధ్యలో ఒక గైడు దాన్ని బయటికి లాగుతుంటే ఆ గైడు కోణం తప్పు, లేదా ఎత్తు ఎక్కువ. ఇదే పరీక్షను సగం బరువుతోనూ, దాదాపు బరువు లేకుండానూ చేయాలి. పూర్తి బరువులో తగలని లైను వదులుగా ఉన్నప్పుడు తగలవచ్చు.

బంపర్ పద్ధతి వాడేవాళ్లకు ఈ దశ మరీ ముఖ్యం. బంపర్ చోటును ముందే కొలిచి నిర్ణయించకూడదు. 0 గైడు నుంచి 180 గైడుకు లైను లాగి పట్టుకుంటే అది బ్లాంకు పక్కను ఆనుకునే చోటొకటి కనిపిస్తుంది, సాధారణంగా సగం దారికి కాస్త అటూ ఇటూ, దాదాపు 90 డిగ్రీల దగ్గర. చిన్న రింగు, పొట్టి కాలు ఉన్న గైడును అక్కడ పెట్టాలి. లైను దాన్ని ఆనీ ఆననట్టు పోతే చాలు. పొడుగు గైడు పెడితే లైనును అనవసరంగా పక్కకు లాగి, తీసేయాలనుకున్న మెలితిప్పునే తిరిగి తెస్తుంది.

రాడ్ తిరుగుతోందో లేదో తెలుసుకోవడానికి పిడిని నున్నటి పైపులో వదులుగా దూర్చి, ఎవరూ తిప్పకుండా బరువు వేసి చూడండి. మంచి అమరికలో రాడ్ కొన్ని డిగ్రీలు తిరిగి ఆగిపోతుంది. రీలు పూర్తిగా పక్కకు ఒరిగితే దిగుడును పిడి వైపుకు ఇంకా జరపాలి.

స్పైరల్ వల్ల విసిరే దూరం తగ్గుతుందన్న భయం గురించి కూడా. పైన చెప్పిన రాడ్‌లో 0 నుంచి 60కి పోయేటప్పుడు లైను 25 సెం.మీ. దూరంలో 10.4 మి.మీ. పక్కకు జరుగుతుంది. అది 2.4 డిగ్రీల వాలు, అంతే. మొదటి గైడు రీలుకు 30 సెం.మీ. దగ్గరున్న మామూలు రాడ్‌లోనూ స్పూలు అంచు నుంచి వచ్చే లైను దాదాపు అంత వాలు తిరుగుతుంది. దూరం నిజంగా తగ్గితే మొదటి గైడు చోటునో, రింగుల సైజునో అనుమానించాలి.

దిగుడు కుడికా ఎడమకా అన్నది లైనుకు తేడా చేయదు, అద్దంలో ప్రతిబింబంలా రెండూ ఒకటే. రాడ్‌ను పడవ అంచుకో గట్టుకో ఏ పక్కను ఆనించి పెట్టే అలవాటుందో చూసి, దానికి ఎదురు పక్కకు దింపుకుంటే పక్క గైడ్లకు దెబ్బలు తగలవు.

కట్టడం మామూలు రాడ్ లాగే. పాదాల కొసలను ఆకురాయితో పల్చగా అరగదీయాలి, లేకపోతే దారం పాదం మీదికి ఎక్కేచోట ఖాళీ మిగులుతుంది. దారం మరీ బిగించకూడదు. చుట్టిన తర్వాత కూడా వేలితో నెట్టితే గైడు కొద్దిగా జరిగేంత బిగువు సరిపోతుంది. ఆ కొద్దిపాటి సర్దుబాటే చివరి అవకాశం. ఎపాక్సీ పూయకముందు మళ్లీ లైను వేసి, తేలికపాటి బరువుతో దిగుడును ఒకసారి చూసుకోవాలి. ఎపాక్సీ చాలా రకాలకు రెండు భాగాలూ సమానం, చెంచాతో కాకుండా సిరంజీతో కొలవాలి, కారిపోకుండా గట్టిపడేదాకా రాడ్‌ను మెల్లగా తిప్పుతూ ఉండాలి.

కొన గైడును వేడికి కరిగే జిగురుతోనే అంటించండి. స్పైరల్ రాడ్‌లో అది కింది గైడ్లతో ఒకే వరసలో, 180 దగ్గర ఉండాలి. అలవాటు కొద్దీ దాన్ని ముందే పైవైపుకు అంటించేసి, మిగతావన్నీ కట్టాక గుర్తించేవాళ్లు తక్కువేం కాదు. వేడికి కరిగే జిగురైతే కొంచెం వేడి చూపించి తిప్పుకోవచ్చు. ఎపాక్సీతో అంటించి ఉంటే దాన్ని వదిలించడానికి పెట్టే వేడికి సన్నటి కొన పాడవవచ్చు.

ఇట్లు,
గాలపు రాడ్లు కట్టే ఒక పాఠకుడు